కొలత ఎవరి చేతిలో ఉంది?

*శుక్రవారం ధ్యానం*
*చదవవలసిన భాగాలు:* ఆదికాండము 3:9-13, సామెతలు 23:29-35, 1 కొరింథీ 6:12, రోమా 14:21



గల్ఫ్‌లో మనవాళ్ళ మధ్య తాగుడు గురించి మాట్లాడితే రెండు మాటలు తప్పకుండా వినిపిస్తాయి. ఒకటి, "మితంగా తాగితే తప్పేముంది బ్రదర్?" రెండోది, "ఇక్కడి ఒంటరితనం తాగిస్తోంది, నేనేం చెయ్యను?" ఈ రెండు మాటలనూ ఈ రోజు వాక్యం వెలుగులో చూద్దాం.

*1. తోటలో చెప్పిన సాకు*

తినవద్దన్న పండు తిన్నావా అని దేవుడు ఆదామును సూటిగా అడిగాడు. ఆదాము భార్యను చూపించాడు. పైగా, ఆమెను ఇచ్చింది నువ్వే గదా అని దేవుడి మీదికే తోశాడు. హవ్వేమో సర్పాన్ని చూపించింది. దేవుడు ఇద్దరి మాటా విన్నాడు. విని, ఎవరి లెక్క వాళ్ళకే అప్పజెప్పాడు.

మన సాకులు కూడా అలాంటివే. రూమ్మేట్ పోశాడు. కఫీల్ మూడు నెలలుగా జీతం ఇవ్వలేదు. ఇంటికి ఫోన్ చేస్తే గొడవ. ఎండలో పనిచేసి ఒళ్ళు హూనమైంది. ఇవన్నీ నిజమైన బాధలే, వీటిని నేను తేలిగ్గా తీసెయ్యను. క్యాంపు గదిలో మంచం మీద మంచం వేసుకుని ఏళ్ళ తరబడి బతికినవాడికి ఆ బాధ తెలుసు. కానీ బాధ ఎవరు పెట్టినా, గ్లాసు ఎత్తేది మాత్రం మన చెయ్యే.

*2. మితానికి పరీక్ష*

కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని పౌలు తిమోతికి రాశాడు. నిజమే. ఆ మాటను దాచనక్కరలేదు. అయితే అదే పౌలు కొరింథు సంఘానికి ఇంకో సంగతి రాశాడు. తనకు అనుమతి ఉన్న వస్తువైనా సరే, దానికి లోబడి బతకనని. మితానికి అసలు పరీక్ష ఇక్కడుంది. ఎన్ని పెగ్గులు అని లెక్కపెట్టే ముందు, యజమాని ఎవరు అని అడగాలి.

మనల్ని మనం అడుగుదాం. గురువారం రాత్రి అది లేకుండా గడుస్తుందా? జీతం పడగానే మొదట ఇంటికి పంపుతున్నానా, మొదట సీసాకు తీస్తున్నానా? ఇంటివాళ్ళు వీడియో కాల్ చేస్తే ఎత్తకుండా దాక్కుంటున్నానా?

సామెతలు 23లోని తాగుబోతును చూడండి. దెబ్బలు తగిలినా తెలియలేదట. తెలివి రాగానే మళ్ళీ దాన్నే వెతుక్కుంటూ పోతానంటాడు. మితం దాటిన సంగతి ఊరంతటికీ తెలుస్తుంది, ఆఖరున తెలిసేది తాగినవాడికే.

*3. కొలతే లేని సీసా*

దుబాయ్‌లో, బహ్రెయిన్‌లో మద్యం అనుమతి ఉన్న చోట్ల దొరుకుతుంది. కువైట్‌లో, సౌదీలో మన కూలీలకు దొరికేది దొంగచాటు సారానే. సౌదీలో దాన్ని 'సదీకీ' అంటారు. అరబ్బీలో ఆ మాటకు 'నా స్నేహితుడు' అని అర్థం. ఎలాంటి స్నేహితుడో చూడండి.

2025 ఆగస్టులో కువైట్‌లో కల్తీ సారా తాగి 160 మంది విషం బారిన పడ్డారని, 23 మంది చనిపోయారని అక్కడి ఆరోగ్య శాఖ చెప్పింది. అందరూ ఆసియా దేశాలవాళ్ళే. కొందరికి చూపు పోయింది. ఆ సారాలో కలిసింది మిథనాల్ అనే విషం. రుచి చూసి, వాసన చూసి దాన్ని కనిపెట్టలేం. ఒంట్లోకి వెళ్ళాక అది ఆమ్లంగా మారి కంటి నరాన్ని కాలుస్తుంది. తాగిన రాత్రి మామూలు మత్తులాగే ఉంటుంది. చాలాసార్లు మర్నాటికి గానీ వాంతులు, కడుపునొప్పి, చూపు మసక, ఆయాసం మొదలుకావు.

అలాంటి సీసా ముందు కూర్చుని "నేను మితంగానే తాగుతా" అంటే ఏం అర్థం? ఆ కొలత నీ చేతిలో లేదు, కల్తీ చేసినవాడి చేతిలో ఉంది.

*4. చట్టం ఎంతవరకు?*

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న పేద తల్లులు సారా మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993లో సారా నిషేధం వచ్చింది. 1995లో పూర్తి మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు.

చట్టాలు ఇలా వస్తుంటాయి, పోతుంటాయి. కువైట్‌లో నిషేధం 1960ల నుంచీ ఉన్నా సారా గదిలోకి వచ్చింది. చట్టం దుకాణం మూయించగలదు. "నాకు వద్దు" అనే మాట మాత్రం ఎవరికి వారే చెప్పాలి.

*5. మాత్రలు, పొట్లాలు*

నొప్పికి వాడే ట్రమడాల్ లాంటి మాత్రలు కూడా మత్తుకు అలవాటు చేస్తాయి. గల్ఫ్‌లో వాటిమీద గట్టి ఆంక్షలున్నాయి. డాక్టరు చీటీ లేకుండా తేవద్దు, వాడవద్దు. ఎయిర్‌పోర్టులో తెలిసినవాళ్ళు ఇచ్చినా, విప్పి చూడని పొట్లం పెట్టెలో పెట్టుకోవద్దు. సౌదీలో మత్తుమందుల రవాణాకు మరణశిక్ష కూడా ఉంది. "నాకు తెలియదు" అన్న మాట అక్కడ మనల్ని కాపాడుతుందని నమ్ముకోవద్దు.

*6. ఈ వారం చేయవలసినవి*

👉 జీతం పడిన రోజే ఇంటికి పంపే డబ్బు పంపెయ్యండి.

👉 గురువారం సాయంత్రం ఒంటరిగా ఉండకండి. కలిసి వండుకోండి, ప్రార్థనకు రండి.

👉 మానాలనుకునే తమ్ముడి ముందు తాగకండి. సహోదరుడు తొట్రుపడతాడంటే నాకున్న స్వేచ్ఛనైనా వదులుకోవాలని రోమా 14 నేర్పుతోంది.

👉 ఏళ్ళ తరబడి రోజూ తాగేవాళ్ళు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు. డాక్టరును కలిసి ఆయన చెప్పినట్టు మానండి. అది విశ్వాసలోపం కాదు.

👉 సారా తాగినవాడికి చూపు మసకబారినా, ఆయాసం వచ్చినా "పడుకుంటే తగ్గుతుంది" అనకండి. కువైట్‌లో 112, సౌదీలో 997, యుఎఇలో 998కి వెంటనే ఫోన్ చెయ్యండి. పోలీసు భయం ఉంటుంది, నాకు తెలుసు. కానీ పట్టుబడినవాడు ఇంటికి తిరిగి వెళ్ళగలడు. చనిపోయినవాడు పెట్టెలో వెళ్తాడు.

*ప్రార్థన:* ప్రభువా, నా బాధ నీకు తెలుసు. దాన్ని సాకుగా చెప్పకుండా నీ దగ్గరికే తెచ్చే మనసు ఇయ్యి. నా చేతిని, నా జీతాన్ని, నా కోసం ఎదురుచూసే ఇంటిని కాపాడు. ఆమెన్.

మీ గదిలో ఈ మాట అవసరమైన సహోదరుడు ఉంటే అతనికి పంపండి. వీలైతే పక్కన కూర్చుని చదివి వినిపించండి. 🙏