డిక్టేటస్ పాపే: రాసింది ఎవరు?

‘డిక్టేటస్ పాపే’ పోప్ అధికారాలను ఏకరువు పెట్టే 27 చిన్న వాక్యాల పత్రం. పోప్ ఏడవ గ్రెగరీ (పదవీకాలం 1073–1085) ఉత్తరాల రిజిస్టరులో, 1075 మార్చి నాటి లేఖల నడుమ ఉంది. చక్రవర్తులను పదవి నుంచి తొలగించే హక్కు పోప్‌దేనని, ఆయనపై తీర్పు చెప్పే అధికారం ఎవరికీ లేదని, రాజులు ఆయన పాదాలనే ముద్దాడాలని చెబుతుంది. ఒక్కో వాక్యం ఒక్కో శీర్షికలా ఉంటుంది తప్ప వివరణ, సంతకం ఉండవు. పేచీ అక్కడే మొదలైంది.

కార్డినల్ డ్యూస్‌డెడిట్ 1087 ప్రాంతంలో పూర్తిచేసిన చర్చి చట్టాల సంకలనంతో దీనికి పోలికలుండటంతో, అసలు కర్త ఆయనేనని కొందరు పండితులు వాదించారు. అయితే వాటికన్‌లోని రిజిస్టరు ప్రతి గ్రెగరీ కార్యాలయంలో తయారైన మూలప్రతేనని 20వ శతాబ్దపు పరిశోధన చాలావరకు తేల్చింది. దాంతో గ్రెగరీ పక్షమే బలపడింది. ఇది రాయదలచిన సంకలనానికి వేసుకున్న విషయసూచిక అన్న ఊహ పత్రం రూపానికి బాగా అతుకుతుంది.

ఈ అధికారాల వాదన కాగితానికే పరిమితం కాలేదు: 1076లో గ్రెగరీ జర్మనీ రాజు నాలుగవ హెన్రీని చర్చి నుంచి వెలివేశాడు. 1077 జనవరిలో హెన్రీ కనోస్సా కోట ముందు మంచులో నిలబడి క్షమాపణ వేడుకున్నాడు. బిషప్పులను నియమించే అధికారం పోప్‌దా, రాజుదా అన్న ఈ తగవు 1122 వర్మ్స్ ఒప్పందంతో సద్దుమణిగింది.