రౌటర్ అడుగున చీటీ

చిన్నా,

మీ గృహప్రవేశం నుంచి తిరిగొచ్చినా పెదనాన్న మనసు ఇంకా ఆ ఫ్లాటులోనే ఉందని మీ పెద్దమ్మ అంటోంది. నిజమే. గుమ్మం దగ్గర కెమెరా ఉన్న కాలింగ్ బెల్లు, హాల్లో పేరుపెట్టి పిలిస్తే పలికే స్పీకరు, పాప ఉయ్యాలకు ఎదురుగా గోడ మీద చిన్న కెమెరా, ఫోన్లోంచి వెలిగే దీపాలు. 34 ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో తీగలు కలిపిన మనిషికి అవన్నీ చూస్తుంటే కడుపు నిండిపోయింది. ఇలాంటివి ఇంట్లో పెట్టుకోవద్దనే పెద్దల్లో పెదనాన్న ఎప్పుడూ లేడు, ఇప్పుడూ లేడు.

లోపల వడ్డనలు జరుగుతుంటే, ఇంకా విప్పని అట్టపెట్టెల మధ్య కూర్చుని పెదనాన్న నీ రౌటర్‌ని తిరగేశాడు. కళ్లజోడు సర్దుకుని అడుగున అంటించిన చీటీ చదివాడు. యూజర్ పేరు అడ్మిన్. పాస్‌వర్డ్ కూడా అడ్మిన్. ఫోన్లో అదే కొడితే రౌటర్ సెట్టింగులన్నీ తెరుచుకున్నాయి. వైఫై పాస్‌వర్డ్ ఏమిట్రా అంటే, "కనెక్షన్ ఇచ్చిన కుర్రాడి ఫోన్ నంబరే పెదనాన్నా, మా బ్లాకులో అందరికీ అదే" అన్నావు. మార్చుకోమంటే "మనింట్లో ఏముందని, ఎవరికి కావాలి?" అని నవ్వేశావు.

అదే రోజు విస్తరి ముందు కూర్చుని ఇంకో మాట అన్నావు. ఉగ్రవాదులు నెట్ వాడుతుంటే ఆ ప్రాంతంలో నెట్ తీసేయాలని, అందరి ఫోన్ల తాళాలూ ప్రభుత్వం దగ్గర ఉండాలని. నలుగురిలో కాదనడం ఇష్టం లేక పెదనాన్న ఊరుకున్నాడు. ఆ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూస్తే తాళం వేయాల్సిన గుమ్మం బార్లా తెరిచి, నలుగురూ నడిచే వీధికి తాళం వేయమన్నట్టుంది. ఈ ఉత్తరం అందుకే.

ముందు గుమ్మం సంగతి. 2008 జులై 26 సాయంత్రం అహ్మదాబాద్‌లో వరుస పేలుళ్లు మొదలవడానికి కొద్ది నిమిషాల ముందు వార్తా ఛానళ్లకు ఇండియన్ ముజాహిదీన్ పేరుతో ఒక ఈమెయిల్ వచ్చింది. ఆ పేలుళ్లలో 56 మంది చనిపోయారు. ఈమెయిల్ ఎక్కణ్ణుంచి వచ్చిందా అని ఆరా తీసిన పోలీసులు నవీ ముంబైలోని సాన్‌పాడాలో ఒక ఫ్లాటుకు చేరారు. అక్కడ ఉంటున్నది ఉద్యోగం మీద వచ్చిన ఒక అమెరికన్. ఆయన కంప్యూటర్లు పట్టుకెళ్లారు, ఆయన్ని మళ్లీ మళ్లీ ప్రశ్నించారు. చివరికి తేలింది ఒక్కటే: ఆయన వైఫైకి సరైన కాపలా లేదు, ఎవరో దాన్ని వాడుకున్నారు. మరుసటి నెల అలాంటి మెయిలే ముంబై మాటుంగాలో ఒక కాలేజీ వైఫై నుంచి వెళ్లింది. సెప్టెంబర్ 13న ఢిల్లీ పేలుళ్లప్పుడు ముంబైలోనే చెంబూరులో ఒక కంపెనీ వైఫై నుంచి వెళ్లింది. అక్టోబర్‌లో ఆ మెయిళ్ల కేసులో ముంబై పోలీసులు అరెస్టు చేసినవాళ్లలో పుణెకు చెందిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరూ ఉన్నాడు.

సాన్‌పాడా ఫ్లాటులో మాత్రం ఏముంది కనుక? వాళ్లకు కావలసింది ఇంట్లో సొమ్ము కాదు, ఇంటి చిరునామా. ఇంట్లో ఎన్ని ఫోన్లున్నా బయటి నెట్‌వర్కుకు సాధారణంగా కనిపించేది ఒకటే ఐపీ చిరునామా. ఏ కనెక్షన్ నుంచి వెళ్లిందో అది చెబుతుంది గానీ, ఆ కనెక్షన్ పట్టుకుని కూర్చున్నది ఎవరో చెప్పదు. ఇది పెదనాన్నకి కొత్త కాదు. ఎస్టీడీ రోజుల్లో స్తంభం మీద తీగలు పంచే డీపీ పెట్టె తెరిచి, ఎవరిదో జత తీగకు తమ ఫోన్ తగిలించి దుబాయ్ మాట్లాడేవాళ్లుండేవారు. నెలాఖరున వేలల్లో బిల్లు పట్టుకుని ఏ రిటైర్డ్ మేష్టారో కౌంటర్ దగ్గర నిలబడి, "దుబాయ్‌లో నాకెవరున్నారయ్యా" అని ఏడవబోయేవాడు. రికార్డులో ఉన్నది ఆయన నంబరే. ఆయన మాట నిజమని తేలేసరికి నెలలు పట్టేది. అది డబ్బుతో పోయింది. సాన్‌పాడా వ్యవహారం డబ్బుతో పోయేది కాదు.

ఆ అనుభవం తర్వాతే 2009 ఫిబ్రవరిలో టెలికం శాఖ వైఫై భద్రత మీద ఇంటర్నెట్ కంపెనీలకు ఆదేశాలిచ్చింది. ఆదేశాలు వచ్చి ఇన్నేళ్లయినా నీ బ్లాకు మొత్తానికీ ఒక కుర్రాడి ఫోన్ నంబరే తాళంచెవి. ఆ నంబరు లిఫ్టు పక్కన అంటించిన కాగితం మీద కూడా ఉంది చిన్నా, పెదనాన్న చూశాడు.

ఇక పాప కెమెరా. 2016 అక్టోబర్ 21న అమెరికాలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్, రెడిట్, స్పాటిఫై గంటల తరబడి సరిగా తెరుచుకోలేదు. వాటి పేర్లను చిరునామాలుగా మార్చిపెట్టే డిన్ అనే సంస్థ మీద దాడి జరిగింది. ఏదో శత్రుదేశం పని అని చాలామంది అనుకున్నారు. తీరా చూస్తే దాడి చేసినవి కెమెరాలు, వీడియో రికార్డర్లు, రౌటర్లు. మిరాయ్ అనే ప్రోగ్రాం వాటిలో దూరింది. దూరడానికి అది వాడిన విద్య ఏమంత గొప్పది కాదు. ఫ్యాక్టరీలో పెట్టే యూజర్ పేర్లు, పాస్‌వర్డ్‌లు ఓ 60 జతలు దగ్గర పెట్టుకుని నెట్‌లో కనిపించిన ప్రతి పరికరం మీదా ఒక్కోటీ కొట్టి చూసేది. అడ్మిన్, అడ్మిన్ ఆ జాబితాలోదే. అలా ఒక దశలో సుమారు 6 లక్షల పరికరాలు దాని చేతికి చిక్కాయి. దాన్ని తయారుచేసింది ముగ్గురు అమెరికన్ కుర్రాళ్లు. మైన్‌క్రాఫ్ట్ ఆట సర్వర్ల వ్యాపారంలో పోటీవాళ్లను పడగొట్టడం వాళ్ల ఎత్తుగడల్లో ఒకటి. వాళ్లు ఆ కోడ్‌ని బయట పడేశాక అది ఎవరి చేతికి కావాలంటే వాళ్ల చేతికి వెళ్లింది. అక్టోబర్ 21 దాడికి సంబంధించి 2020లో నేరం ఒప్పుకున్న వ్యక్తి ఆనాటికి మైనర్. గురిపెట్టింది ప్లేస్టేషన్ ఆటల నెట్‌వర్క్ మీద. దెబ్బ తగిలింది లక్షలాది మందికి.

పిల్లలాటకే ఇంత జరిగితే, చంపాలని కూర్చున్నవాళ్ల చేతిలో అదే పనిముట్టు పడితే ఏమవుతుంది? ఆసుపత్రి, కరెంటు, అంబులెన్సు ఫోన్లు, అన్నీ ఇప్పుడు నెట్ తీగ మీదే ఉన్నాయి. పాప కెమెరాలో మిరాయ్ లాంటిది దూరినా పాప బొమ్మ బాగానే కనిపిస్తుంది, నీకేమీ తెలియదు. స్విచ్ ఆపి వేస్తే మిరాయ్ చెరిగిపోతుంది. ఎందుకంటే అది తాత్కాలిక మెమరీలోనే ఉంటుంది. పాస్‌వర్డ్ మార్చకపోతే మళ్లీ నిమిషాల్లో వచ్చి కూర్చుంటుంది. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి ఇలా ఊరందరికీ ఒకే పాస్‌వర్డ్‌తో ఇంటి పరికరాలు అమ్మడం చట్టవిరుద్ధం. మన దేశంలోనూ సీసీ కెమెరాలకు 2025 ఏప్రిల్ నుంచి భద్రతా పరీక్షలు తప్పనిసరి చేశారు. నీ కెమెరా ఎప్పుడు కొన్నావో, ఏ కంపెనీదో ఒకసారి చూడు. కొత్త సాఫ్ట్‌వేర్ పంపడం మానేసిన కంపెనీదైతే ఉయ్యాల దగ్గర దాన్ని ఉంచవద్దు.

ఊళ్లో సంగతి కూడా చెప్పాలి. చేలో మోటారుకు పెదనాన్న మొబైల్ స్టార్టర్ పెట్టించాడు కదా. అర్ధరాత్రి కరెంటు వస్తే పాములు తిరిగే గట్టు మీద నడిచే పని తప్పింది, ఇంట్లో మంచం మీంచే మోటారు వేస్తున్నాడు. అందులో సిమ్ బిగించింది అమ్మిన దుకాణం కుర్రాడే. ఏడాది తర్వాత రీచార్జి దగ్గర పేచీ వచ్చి అడిగితే ఆ సిమ్ ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి పేరు మీద ఉందని తెలిసింది. పెదనాన్న ఆ రాత్రి నిద్రపోలేదు. 26/11 నాడు దాడికి ముంబైలో దిగిన ఉగ్రవాదులు ఇక్కడి సిమ్‌లతోనే మాట్లాడారు, అవతలి వాళ్లు ఇంటర్నెట్ ఫోన్ల మీద పలికారు. అడ్డదారిన తిరిగే సిమ్ ఎక్కడికి చేరుతుందో ఎవరికెరుక? మర్నాడే దాన్ని తీయించి తన ఆధార్‌తో వేరే సిమ్ వేయించాడు. 2023 టెలికం చట్టం ప్రకారం మోసంతో సిమ్ తీసుకుంటే 3 ఏళ్ల దాకా జైలు, లేదా 50 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. నీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో ప్రభుత్వ సంచార్ సాథీ సైటులో చూసుకోవచ్చు. మీ ఆవిడ పేరు మీద, మీ నాన్న పేరు మీద కూడా చూడు. నీవి కానివి కనబడితే అక్కడే ఫిర్యాదు పెట్టు.

మీ నాన్న గురించి ఇంకో మాట. "మీ సిమ్ ఉగ్రవాదుల దగ్గర దొరికింది, వీడియో కాల్లోంచి కదలొద్దు" అని పోలీసు దుస్తుల్లో ఎవరైనా బెదిరిస్తే వాడు దొంగ. డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. ఫోన్ పెట్టేసి సైబర్ మోసాల నంబరు 1930కి చెప్పమని మీ నాన్నకి నువ్వే కూర్చోబెట్టి చెప్పాలి. పెదనాన్న చెబితే తమ్ముడు వినడు.

ఇప్పుడు వీధి సంగతి. 2007 ఆగస్టు 25 రాత్రి హైదరాబాద్ లుంబినీ పార్కులో, కోఠీ గోకుల్ చాట్‌లో బాంబులు పేలి 40 మందికి పైగా పోయినప్పుడు మీ నాన్న కోఠీ వైపే వెళ్లాడు. లైన్లన్నీ బిజీ. పెదనాన్న రెండు గంటలు ఆ ఒక్క నంబరే తిప్పుతూ కూర్చున్నాడు. లైను కలిసి, "అన్నయ్యా, నేను బాగానే ఉన్నా" అన్న మాట వినబడేదాకా మీ అమ్మ మంచినీళ్లు ముట్టలేదు. నువ్వు ఆ పక్కనే నేల మీద నిద్రపోతున్నావు. ఉగ్రవాదం దెబ్బ కొట్టిన రాత్రి జనానికి అన్నం కన్నా ముందు కావలసింది ఆ తీగే.

కశ్మీర్‌లో 2019 ఆగస్టులో ఆ తీగ తెంచారు. హింస పెచ్చరిల్లకుండా, ఉగ్రవాదులు కూడబలుక్కోకుండా అని ప్రభుత్వం కారణం చెప్పింది. ఆ భయం వట్టిది కాదు. కానీ 2జీ వచ్చేసరికి 2020 జనవరి దాటబోయింది. 4జీ పూర్తిగా వచ్చింది 2021 ఫిబ్రవరి 5న. ఈ మధ్యలో పరీక్ష ఫారాలు నింపడానికి పిల్లలు, జీఎస్టీ కట్టడానికి వ్యాపారులు రైలెక్కి బనిహాల్ దాకా వెళ్లి నెట్ సెంటర్ల ముందు వరుసలు కట్టారు. కరోనా వచ్చాక డాక్టర్లు 2జీ మీద వైద్య సూచనలు దింపుకోవడానికి అవస్థపడ్డారు. నెట్ లేకుండా నీ ఉద్యోగం ఒక్కరోజు సాగుతుందా? అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు 2020 జనవరి 10న ఇంటర్నెట్‌ని గడువు లేకుండా ఆపేయడం కుదరదని, ఉత్తర్వులు అందరికీ తెలిసేలా ప్రచురించాలని చెప్పింది. ఆపాల్సిన రోజు ఎప్పుడైనా రావచ్చని పెదనాన్నా ఒప్పుకుంటాడు. ఎంత మేర, ఎన్ని రోజులు, ఎవరి సంతకంతో అన్నది మాత్రం కాగితం మీద ఉండాలి. ఎక్స్ఛేంజీలో ఒక్క లైను తెంచాలన్నా రాతపూర్వకంగా ఆర్డరు ఉండాల్సిందే.

పైగా ఆ తీగ సాక్ష్యం కూడా చెబుతుంది. 26/11 రాత్రుల్లో పాకిస్తాన్‌లో కూర్చుని ఆజ్ఞలిచ్చినవాళ్ల గొంతులు మన అధికారులు విన్నారు, రికార్డు చేశారు. ఆ దాడిలో పట్టుబడ్డ కసబ్ కేసులో ఆ సంభాషణలు బలమైన ఆధారమయ్యాయి. ఆ కేసు తీర్పులోనే, 2012 ఆగస్టు 29న, సుప్రీంకోర్టు ఆనాటి టీవీ ప్రత్యక్ష ప్రసారాలను గట్టిగా తప్పుపట్టింది. కమాండోలు ఎటు కదులుతున్నారో తెర మీద చూసి అవతలి వాళ్లు లోపలున్నవాళ్లకు చెప్పారు. 2015 నుంచి ఉగ్రవాద వ్యతిరేక చర్యలను ప్రత్యక్షంగా చూపకూడదని కేబుల్ టీవీ నియమమే ఉంది. ఇప్పుడు టీవీ కెమెరా ప్రతి జేబులోనూ ఉంది. సైనిక వాహనాలు వెళ్తుంటే బాల్కనీలోంచి తీసిన వీడియోను మన కుటుంబం గ్రూపులో పెట్టింది నువ్వే. దేశం మీద ప్రేమతోనే పెట్టావు, పెదనాన్నకి తెలుసు. ఇంకోసారి పెట్టకు.

ఫోన్ల తాళాల మాట. 2015 డిసెంబర్‌లో కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో 14 మందిని చంపిన దాడి తర్వాత, దాడి చేసినవాడి ఐఫోన్ తెరవడానికి సాయపడేలా కొత్త సాఫ్ట్‌వేర్ రాసివ్వాలని ఎఫ్‌బీఐ ఆపిల్ మీద కోర్టు ఆదేశం తెచ్చింది. అలాంటిది ఒకసారి తయారైతే మిగతా ఫోన్లకూ పనిచేస్తుందని ఆపిల్ ఒప్పుకోలేదు. 2016 మార్చి చివర్లో ఎఫ్‌బీఐ బయటివాళ్ల సాయంతో ఆ ఒక్క ఫోన్‌ని తెరిచి కేసు వెనక్కి తీసుకుంది. పెదనాన్నకి అందులో ఆపిల్ వాదనే సబబనిపించింది. మారుతాళం ఉందంటే అది ఏదో ఒకనాడు పరాయి చేతిలో పడుతుంది. నీ యూపీఐ, పాప ఫోటోలు, మీ ఆవిడ ఆసుపత్రి రిపోర్టులు ఆ తాళం వెనకే ఉన్నాయి.

ఈ ఆదివారం ఒక గంట కేటాయించు. రౌటర్ సెట్టింగులు తెరిచి ముందు అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చు, ఆ తర్వాత వైఫై పాస్‌వర్డ్. భద్రత డబ్ల్యూపీఏ3 ఉంటే అది, లేకపోతే డబ్ల్యూపీఏ2. బటన్ నొక్కితే కలిసిపోయే డబ్ల్యూపీఎస్ ఆపేయి, బయటినుంచి రౌటర్‌ని నడిపే సదుపాయమూ ఆపేయి. గెస్ట్ నెట్‌వర్క్ ఒకటి తెరిచి కెమెరా, స్పీకరు, బల్బులు, బెల్లు దానికి కలుపు. ఆఫీసు లాప్‌టాప్, ఫోన్లు మాత్రం అసలు నెట్‌వర్కులో ఉంచు. కొత్త సాఫ్ట్‌వేర్ ఉంటే వేయి. ఇదంతా అయ్యాక బ్లాకులో మిగతా ఇళ్లవాళ్లకీ చేసిపెట్టు. మూడో అంతస్తులో ఒంటరిగా ఉంటున్న ఆ టీచరమ్మ గారి ఇంటికి ముందు వెళ్లు. కనెక్షన్ ఇచ్చిన కుర్రాణ్ణి కోప్పడకు. పక్కన కూర్చోబెట్టుకుని చూపించు, రేపు వందిళ్లకి వాడే వెళ్తాడు.

సంక్రాంతికి మీరు రాకపోతే పెదనాన్నే వస్తాడు. చిన్నప్పుడు నువ్వు విప్పి పాడుచేసిన రేడియో బాగయింది, పాప కోసం తెస్తున్నాడు. దానికి పాస్‌వర్డ్ అక్కర్లేదని మీ పెద్దమ్మ చెప్పమంది.

ఆశీస్సులతో,
పెదనాన్న