బూడిదబారిన టేకు పడవ

గోదావరి లంకలలో రేవు పడవ నెక్కనిదే బడికి పోలేని బిడ్డలు నేటికిని గలరు. అట్టి ఒక రేవున పడవ బల్లలు బూడిద రంగు తేలగా, కలప పుచ్చినదని తలచి పంచాయతీవారు వేలమునకు సిద్ధపడిరి. మేము చాకుతో గీచి చూచితిమి. నూలు మందమైనను లేని పొర క్రింద చేవగల టేకు నిగనిగలాడుచుండెను!

ఎండ కలప పైపొరను చెరచును, వాన దానిని కడిగివేయును. ఈ రంగు కుళ్లు కాదు. కుళ్లు మేకుల చుట్టును, అతుకులయందును, వాననీరు నిలుచు మూలలందును దాగియుండును. అచ్చట చాకుమొనతో పొడిచి చూడవలెను. మెత్తగా దిగినచో ఆ బల్లను మార్చవలసినదే. రంగు పూసి కప్పిపుచ్చుట ప్రయాణికుల ప్రాణములతో చెలగాటము.

గట్టి బల్లలను సబ్బునీటితో, మెత్తని కుంచెతో, కలప నారకు అడ్డముగా రుద్దవలెను. నార వెంబడి గట్టిగా రుద్దినచో మెత్తని భాగము లేచిపోయి చాళ్లు పడును. ఇనుప తీగల కుంచె అసలే వలదు. దాని తునకలు తుప్పుపట్టి మచ్చలు చేయును. బాగుగా ఆరిన పిదప పక్కబల్లలకు అవిసెనూనె పలుచగా పట్టించి తుడువవచ్చును. జనులు కాలుమోపు బల్లలకు నూనె వలదు, తడిసిన జారును. నూనె గుడ్డలను కుప్పవేయరాదు. అవి తమంతట తామే రాజుకొనగలవు. విడివిడిగా ఆరుబయట పరచవలెను.

టేకునకు నదీజలముకంటె పడవలోన నిలిచిన వాననీరే పెద్ద శత్రువు. దానిని దినదినము తోడించు భారమెవరిదో రేవు పాట షరతులలోనే వ్రాయింపుడు. ఈ పరీక్షను వరదలకు ముందే, మే నెలలో, పడవల పని తెలిసిన వడ్రంగిని వెంటబెట్టుకొని జరుపుడు.