పెద్ద సంసారము - స్వల్పాదాయము

మితవ్యయమును గూర్చి మనవారు చేయు బోధలు చాలవరకు వంటయింటి గుమ్మము దాటి రావు. ఉప్పు, పప్పు, నూనె తగ్గింపుమని ఇల్లాలికి ఉపదేశించుట సులభము. బహుసంతానముగల స్వల్పాదాయుని యింట నామె యా పనిని ఎవరి యుపదేశమును లేకయే చిరకాలమునుండి చేయుచున్నది. క్రొత్త చింతపండును మిరపకాయలును వచ్చినప్పుడే సంవత్సరమునకు సరిపడ కొని దాచుటయు, అన్న చొక్కాను తమ్మునికి సరిచేయుటయు, పై తరగతి పుస్తకములను క్రింది తరగతివానికి అందించుటయు నామెకు క్రొత్తవి కావు. ఇంతమాత్రముననే సొమ్ము మిగులునట్లయిన, మావంటి న్యాయవాదులయొద్దకు ప్రోనోటు దావాలు ఇన్ని వచ్చుట యేల?

సొమ్ము ఎచ్చట కారిపోవుచున్నదో లెక్క వేసి చూతము. నెలకు 30,000 రూపాయల వచ్చుబడితో దంపతులును, అయిదుగురు బిడ్డలును, వృద్ధమాతయు జీవించు ఇల్లొకటి యున్నదనుకొందము. పెద్దకుమార్తె వివాహమునకై యజమాని 3 లక్షల రూపాయలను నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చెను. నెలవడ్డీ 6,000, అనగా వచ్చుబడిలో అయిదవ వంతు. అసలులో ఒక్క రూపాయియైన తీరకయే 50 నెలలలో కట్టిన వడ్డీ అసలంత యగును. అప్పుడు యజమాని పొదుపు నారంభించి, పిల్లల పాలలో దినమునకు అర లీటరు తగ్గించును. లీటరు 60 రూపాయలని పట్టినచో నెలకు మిగులునది 900. ఆరు నెలలు బిడ్డలకు ఆ పాలు మాన్పించినను ఒక్క నెల వడ్డీ చెల్లదు!

అంతేకాదు. ఇట్టి యిండ్లలో పొదుపు అందరిమీదను సమానముగ పడదు. మొదట తగ్గునది కడపట భుజించు తల్లి కంచములోని కూర. తరువాత తగ్గునది ఆడపిల్ల చదువు. కుమారుని కళాశాల రుసుమునకై కుమార్తెను పదవ తరగతితో నిలిపిన తండ్రులు తమ్ము తాము మితవ్యయపరులుగనే తలంతురు. మేము దీనిని మితవ్యయ మనము. ఒకరి సొమ్మును మరియొకరికి వెచ్చించుట యందుము. పిమ్మట నా మిగిల్చిన సొమ్మునకు అప్పును జేర్చి, ఆ బాలికకే వరకట్నముగ నిత్తురు. 1961వ సంవత్సరపు వరకట్న నిషేధ చట్టము పుచ్చుకొనుటను మాత్రమే గాక ఇచ్చుటను గూడ నేరముగ నెంచుచున్నది. ఇక భార్య నగలను కుదువబెట్టుట. అవి స్త్రీధనమనియు, భర్త వానికి యజమానుడు కాడనియు సుప్రీముకోర్టు 1985లో ప్రతిభారాణి వ్యాజ్యమునందు స్పష్టపరచినది.

మరి మార్గ మెద్ది? పెద్ద ఖర్చులలో అనుకోనివి తక్కువ. బిడ్డను బడిలో వేసిననాడే పదవ తరగతి ముగియు సంవత్సరము తెలిసియున్నది. రానున్న ఖర్చును ముందుగ నెలలకు పంచుకొనుట పొదుపు. అయిపోయిన ఖర్చును తరువాత నెలలకు పంచుకొనుట అప్పు. రెంటను చెల్లించువారము మనమే. వడ్డీ మాత్రము మొదటిదానిలో మనకు వచ్చును, రెండవదానిలో మననుండి పోవును. తపాలా కార్యాలయమున రికరింగు డిపాజిట్టును నెలకు 100 రూపాయలతోనే తెరువవచ్చును. గడువు 5 సంవత్సరములు. నెలకు 1,000 కట్టినచో అసలే 60,000 అగును. చీటీలయందు మనవారికి మక్కువ యెక్కువ. 1982వ సంవత్సరపు చిట్ ఫండ్సు చట్టము ననుసరించి రిజిస్ట్రారు అనుమతి పొందిన చీటీయైన, చెడినప్పుడు అడుగుటకు చోటుండును. వట్టి నమ్మకముపై నడచు చీటీలో నిర్వాహకుడు పరారియైనచో చేత కాగితమైన నుండదు.

ఇంటి చిట్టా పుస్తకము ఇల్లాలి చేత నుండవలెను. భర్త చుట్టలకును, హోటలు కాఫీకిని, మిత్రుల విందులకును పెట్టినదియు నందెక్కవలెను. ఈ నియమము చెప్పినప్పుడు మా మిత్రులు కొందరు బాగున్నదని నవ్వుదురు గాని పుస్తకము కొనరు.

ఒక్కని సంపాదనపై ఎనమండుగురు బ్రతుకు ఇంట జీవితభీమా యవశ్యకము. ఇందు పలువు రెరుగని సంగతి యొకటి గలదు. భార్యాబిడ్డల లాభమునకై తీసికొనుచున్నట్లు పాలసీ పత్రముమీదనే వ్రాయించినచో, 1874వ సంవత్సరపు వివాహిత స్త్రీల ఆస్తి చట్టము 6వ సెక్షను ప్రకారము ఆ సొమ్ము వారి కొరకైన ట్రస్టుగ నుండును. ఋణదాతలను మోసగించు తలంపుతో చేసినది కానంతవరకు అది భర్త అప్పులవారికి చిక్కదు. ఒట్టి నామినీ పేరు వ్రాసినంతమాత్రమున ఈ సెక్షను వర్తింపదు. పాలసీ తీసికొనునాడే దరఖాస్తుతోడ అందుకైన ఫారమును గూడ నింపి యీయవలెను.