ఆ నేలలో మన పుట్టకొక్కులు లేవమ్మా

చి. బుజ్జికి,



నీ ఫోటోలు చూశాను. నువ్వు ఏరిన ఆ పుట్టగొడుగుల్ని వండకు. ఇప్పటికే కడిగి తరిగి ఉంటే గిన్నెతో సహా పక్కన పెట్టి, ముందు ఈ ఉత్తరం చదువు. "అమ్మమ్మ తెచ్చేవాటిలాగే ఉన్నాయి పెద్దమ్మా, ఆదివారం కూర చేసి అందర్నీ పిలుస్తున్నా" అని రాశావు చూడు, అది చదివాక నాకు కాలూ చెయ్యీ ఆడలేదు.

మన పుట్టకొక్కు ఎలా వస్తుందో నీకెవరూ చెప్పి ఉండరు. పుట్టలోపల చెదలు ఎండుటాకులు, కర్రముక్కలు నమిలి, ఆ పిప్పితో గూళ్లు కట్టి, వాటిమీద ఒక రకం బూజుని సాగు చేస్తాయి. ఆ బూజు అరగదీసి పెట్టిందే వాటికి తిండి. తొలకరి తర్వాత ఆ గూటి నుంచే కాడ పుట్టి, మట్టిని చీల్చుకుని పైకొచ్చి గొడుగు విప్పుతుంది. అందుకే దాని నడినెత్తిన అంత గట్టి మొన. ఈ జాతికి టెర్మిటోమైసిస్ అని 1942లో పేరు పెట్టారు. ఇలా బూజుని పెంచే చెదలు ఆఫ్రికాలోనూ ఆసియాలోనూ తప్ప లేవు, అమెరికాలో అసలు లేవు. కాబట్టి ఓక్లాండ్ కొండల్లో నువ్వు ఏరినవి ఏమైనా కావచ్చు గానీ, అమ్మమ్మ వండినవి మాత్రం కావు.

అమ్మమ్మ వాటిని ఎలా ఏరేదో నువ్వు చూడలేదు, నువ్వు తిన్నది కూర. ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో రాత్రి ఉరిమి వాన పడితే, తెల్లారకముందే చేలగట్ల మీదికి బయల్దేరేది. ఏ పుట్ట మీద ఏటేటా లేస్తాయో ఆమెకు తెలుసు. కాడని తుంచేది కాదు, చుట్టూ మట్టిని చిన్న గునపంతో వదులు చేసి, మొదలు పట్టుకుని మెల్లగా లాగేది. అడుగున వేరులా సన్నబడుతూ తోక ఒకటి జానెడు, ఒక్కోసారి అంతకంటే పొడుగ్గా వచ్చేది. అది గూటిదాకా దిగే తోక. అది లేనిదాన్ని బుట్టలో వెయ్యనిచ్చేది కాదు. చెదలు బయటికి తోసేసిన గూటిముక్కల మీద గుంపులుగా మొలిచే చిట్టి పుట్టకొక్కులకు ఆ తోక ఉండదు, వాటిని వేరే గుర్తులతో పట్టేది. ఆ తెలివి చాలా గొప్పదే, కానీ మా ఊరి పుట్టల చుట్టూ, మా ఊరి వానల చుట్టూ పెరిగింది. రూపం ఒక్కటే గుర్తు పెట్టుకున్న నీ దగ్గరికి అందులో పావు వంతు కూడా చేరలేదు. నిన్ను తప్పు పట్టడం లేదమ్మా, చేరే దారి లేకపోయింది, అంతే.

ఇప్పుడు నువ్వున్న చోటి సంగతి. అక్కడ వానలు చలికాలంలో పడతాయి కదా, ఆ వానలకు ఓక్ చెట్ల కింద డెత్ క్యాప్ అనే విషపు పుట్టగొడుగు లేస్తుంది. అది ఆ నేలది కాదు, యూరప్ నుంచి తెచ్చిన మొక్కల వేళ్లతో వచ్చిందంటారు. కాలిఫోర్నియాలో 1938లో మాంటెరేలోని డెల్ మాంటే హోటల్ ఆవరణలో దొరికింది. తర్వాత అక్కడి లైవ్ ఓక్ చెట్ల వేళ్లను అల్లుకుని బే ఏరియా అంతా పాకింది. గొడుగు లేత ఆకుపచ్చగానో, పసుపు కలిసిన పచ్చగానో ఉంటుంది, తెల్లగా ఉన్నవీ ఉంటాయి. కింద రేకులు తెలుపు, కాడకి పైభాగాన పల్చటి వలయం, మొదట్లో పగిలిన గుడ్డుపెంకులా తెల్లని సంచి. ఆ సంచి తరచు మట్టిలోనే ఉండిపోతుంది. నువ్వు కాడల్ని మధ్యకి తుంచావు. అసలు చూడాల్సిన భాగం ఇంకా ఆ చెట్టు కిందే ఉంది. అందుకే నీ ఫోటో చూసి నేనే కాదు, ఎంత పెద్ద శాస్త్రవేత్త అయినా పేరు చెప్పకూడదు. ఫోన్ యాప్ సంగతీ అంతే, మట్టిలో ఉన్నది దానికీ కనబడదు.

2016 డిసెంబరులో ఉత్తర కాలిఫోర్నియాలో 14 మంది డెత్ క్యాప్‌ని తిని ఆస్పత్రి పాలయ్యారు. ముగ్గురికి లివర్ మార్చాల్సి వచ్చింది. ఆ 14 మందిలో ఒక కుటుంబం వాళ్లు తాము ఏరుకుని తిన్నది కాదు, ఎవరో కొండల్లో ఏరి ఇస్తే కాల్చుకుని తిన్నారు. అందరూ బతికారు గానీ, ఆ ఇంట్లో పద్దెనిమిది నెలల పాపకి మెదడు శాశ్వతంగా దెబ్బతింది. ఆదివారం నీ ఇంటికొచ్చే వాళ్లలో చంటిపిల్లలు కూడా ఉంటారు కదా, అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను.

అక్కడికి వలస వెళ్లిన ఆసియావాళ్లు తరచు పొరబడే జత ఇంకొకటి ఉంది. మన దగ్గర వరిగడ్డి మీద పెంచే పుట్టగొడుగు మొగ్గ కూడా సంచిలోనే పుడుతుంది. డెత్ క్యాప్ మొగ్గా అంతే. ఆ వయసులో రెండింటినీ పక్కపక్కన పెడితే తేడా పట్టడం కష్టం. ఎదిగాక తెలుస్తుంది: వరిగడ్డి రకానికి కాడ మీద వలయం ఉండదు, రేకులు క్రమంగా గులాబీ రంగుకి తిరుగుతాయి. మొగ్గల్ని మాత్రం ఎంత తెలిసినవాళ్లైనా ఏరకూడదు, అది నా ఖచ్చితమైన అభిప్రాయం.

నేర్చుకోవాలన్న ఉబలాటం నీకుంది, దాన్ని చంపుకోమనను. డిగ్రీ పిల్లలతో నేను చేయించిన పని నువ్వూ చెయ్యి. విప్పారిన గొడుగు ఒకటి మొదలంటా తవ్వి తీసి, కాడ కోసేసి, రేకులు కిందికి వచ్చేలా సగం తెల్ల, సగం నల్ల కాగితం మీద బోర్లించు. పైన ఒక గిన్నె మూత పెట్టి రాత్రంతా కదపకు. పొద్దున తీస్తే సిద్ధబీజాలు రాలి, రేకుల వరసలు గీసినట్టు కాగితం మీద పడి ఉంటాయి. డెత్ క్యాప్‌ది తెల్లని ముద్ర, నల్ల కాగితం మీదే బాగా కనిపిస్తుంది. మన పుట్టకొక్కుదీ, వరిగడ్డి రకానిదీ గులాబీ ఛాయ. గడ్డిమైదానాల్లో, మన అపార్ట్‌మెంట్ లాన్లలో కూడా వానకి లేచే పెద్ద తెల్ల గొడుగు ఒకటుంది, క్లోరోఫిల్లమ్. దాని ముద్ర ఆకుపచ్చగా పడుతుంది. తిన్న రెండు మూడు గంటల్లో వాంతులు మొదలై మనిషిని పీల్చి పిప్పి చేస్తుంది. కానీ ముద్ర రంగు ఒక్కటే చూసి తినవచ్చని తేల్చకు. రంగు, వాసన, రేకులు కాడకి అంటాయా లేదా, వలయం, సంచి, ఏ చెట్టు కింద, ఏ నెలలో, ఇవన్నీ ఒకే పేరు చెప్పాలి. ఒక్కటి అడ్డం తిరిగినా అది తినేది కాదు.

పసుపు వేస్తే రంగు మారుతుందని, వెండికాసు నల్లబడితే విషమని, పురుగు తొలిచినదైతే మంచిదని వినే ఉంటావు. ఒక్కటీ నిజం కాదు. డెత్ క్యాప్‌ని నత్తలు హాయిగా తింటాయి. దాని విషం ఉడికించినా, ఎండబెట్టినా, ఫ్రిజ్‌లో పెట్టినా పోదు. రుచికి బాగానే ఉంటుందని తిని బతికినవాళ్లే చెప్పారు. ఇలా పొరబడి తినడం చదువుకోని వాళ్లకు మాత్రమే జరిగేదనుకోకు, తరతరాలుగా ఏరేవాళ్లకూ జరుగుతుంది. అస్సాంలో 2022 ఏప్రిల్‌లో అడవి పుట్టగొడుగులు తిని పదమూడు మంది పోయారు, ఎక్కువమంది తేయాకు తోటల కుటుంబాల వాళ్లే.

డెత్ క్యాప్ విషం నడక తెలుసుకో. తిన్న వెంటనే ఏమీ కాదు. ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా, వాంతులూ నీళ్ల విరేచనాలూ మొదలవుతాయి. ఒకరోజు పోయాక తగ్గినట్టు అనిపిస్తుంది, మనిషి లేచి కూర్చుని కాఫీ అడుగుతాడు. ఆ తెరిపి సమయంలోనే లోపల లివర్ కణాలు చచ్చిపోతుంటాయి, మూడో రోజుకల్లా కళ్లు పచ్చబడతాయి. తగ్గింది కదా అని ఇంటికి వచ్చేసినవాళ్లే ఎక్కువ నష్టపోతారు. కాబట్టి ఎవరైనా తిన్నారని తెలిస్తే లక్షణాల కోసం చూడకుండా 1-800-222-1222కి ఫోన్ చెయ్యి. అది అమెరికా అంతటికీ పాయిజన్ కంట్రోల్ నంబరు, రాత్రీ పగలూ పలుకుతారు. మిగిలిన ముక్కలు, తొక్కలు, వండిన కూర, ఏది ఉన్నా పారెయ్యకుండా కాగితపు సంచిలో పెట్టి డాక్టరుకి పట్టుకెళ్లాలి.

శాన్‌ఫ్రాన్సిస్కో మైకలాజికల్ సొసైటీ అని 1950 నుంచీ నడుస్తున్న సంఘం ఉంది, అందులో చేరు. వాళ్లతో అడవిలో తిరుగు, రెండు మూడు చలికాలాలు చూడ్డమే తప్ప నోట పెట్టకు. మీ ఓక్లాండ్ వైపు ఈస్ట్ బే పార్కుల్లో పుట్టగొడుగులు ఏరడం నిషేధం, అది కూడా గుర్తుంచుకో. డెత్ క్యాప్‌ని ముట్టుకుంటే ఏమీ కాదు, కాబట్టి నీ దగ్గరున్నవి భయపడకుండా మూటగట్టి చెత్తలో వేసి, చేతులూ కత్తిపీటా కడుక్కో. కుక్క మూతి పెట్టకుండా మూత గట్టిగా బిగించు.

ఆదివారం కూర మానొద్దు. కొట్లో ఆయిస్టర్ పుట్టగొడుగులు దొరుకుతాయి. చాకుతో కొయ్యకుండా చేత్తో చీల్చి, ఉల్లిపాయా పచ్చిమిరపా వేగాక వేసి, వాటి నీరు ఇగిరేదాకా మూత పెట్టకు. దించేముందు ధనియాలపొడీ మిరియాలపొడీ, అమ్మమ్మ వేసేంత.

పారేశావని ఈ రాత్రికే మెసేజ్ పెట్టు, అంతదాకా నాకు నిద్ర పట్టదు.

నీ
పెద్దమ్మ