ఇంటికప్పు – ఎండవేడిమి
(పంచాయతీ సభ్యులకు)

వికారాబాదు, తాండూరు ప్రాంతములలో సున్నపురాతి పలకలకు కొదువ లేదు. నేలకు బండయే, పలుచోట్ల కప్పునకును బండయే. రాయి గట్టిదే కాని వేడిని ఆపజాలదు. పగటి ఎండను గ్రహించి, రాత్రివేళ ఇంటిలోనికి విడుచును. రేకులకప్పు క్రింద మరింత ఉక్క.

ఈ వేడి నడ్డుటకు థర్మాకోలు పలకలు, పఫ్ రేకులు అంగళ్లలో లభించుచున్నవి. ముడినూనెను శుద్ధిచేయగా వచ్చు పదార్థములనుండి స్టైరీను, దానినుండి థర్మాకోలు తయారగును. రెండు లోహపు రేకుల నడుమ పాలియురెథేను నురుగు నింపినది పఫ్ రేకు. ఈ నురుగునకును పెట్రోలియమే మూలము.

థర్మాకోలులో నూటికి 98 పాళ్లు గాలియే. కదలని గాలిగుండ వేడి మిక్కిలి నెమ్మదిగా ప్రసరించును. గొంగడి కప్పుకొన్న కాపరికి చలి సోకకుండుటకు కారణ మిదియే. అంతే మందముగల సున్నపురాతితో పోల్చిన, థర్మాకోలుగుండ ప్రసరించు వేడి 30వ వంతుకన్న తక్కువ.

అయితే ఇందొక అపాయము కలదు. థర్మాకోలు సుమారు 100 డిగ్రీల వేడికి మెత్తబడును. నిప్పంటుకొన్నచో కరగి చుక్కలుగా కారుచు మండును. పాలియురెథేను మండునపుడు కార్బను మోనాక్సైడు, హైడ్రోజను సయనైడు అను విషవాయువులు వెలువడును. 2017 జూన్ 14వ తేదీన లండనులోని గ్రెన్‌ఫెల్ టవరు అగ్నిప్రమాదమున 72 మంది మరణించిరి. గోడకు వెలుపల తొడిగిన పాలిథీను పలకలు మంటను పైకి ప్రాకించినవి. వాని వెనుకనున్న నురుగుపలకలును అందుకు తోడ్పడినవి.

కావున బడికిగాని, అంగన్‌వాడీకిగాని కప్పు వేయ తీర్మానించునపుడు సభ్యులు ఈ విషయములను గమనింపవలెను:

1. ముందుగా చౌకమార్గమును చూడవలెను. కప్పుపై తెల్లసున్నము ఎండను చాలవరకు త్రిప్పికొట్టును. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వము ప్రకటించిన కూల్ రూఫ్ విధానమునకు ఈ సూత్రమే ఆధారము.

2. థర్మాకోలును గది లోపల, ముఖ్యముగా వంటగదిలో, పైకి కనబడునట్లు అంటింపరాదు. స్లాబుపై నీరు దిగకుండ పూత వేసి, దానిపై పలకలు పరచి, కాంక్రీటు పొరతోను తాండూరు బండలతోను కప్పుట మేలు.

3. మంట తనంతట ఆరిపోవు రకమునే కొనవలెను. ఐ.ఎస్. 4671 ప్రమాణమున ఈ రకము వేరుగా పేర్కొనబడినది. కొటేషనులో ఆ మాట వ్రాయింపవలెను.

4. విద్యుత్తు తీగలు థర్మాకోలునకు తగులరాదు. తగిలినచో తీగల ప్లాస్టిక్ తొడుగు క్రమముగా పెళుసెక్కును. వానిని గొట్టములలో నడిపింపవలెను.

బిల్లు మంజూరు చేయుటకు పూర్వమే ఈ నాలుగు అంశములను ఇంజనీరుతో చర్చించి, తీర్మానపు పుస్తకమున వ్రాయించుట సభ్యుల విధి.