సజీవమైన రాళ్లు
(యౌవనస్థుల పాఠము)

పఠింపవలసిన భాగములు: 1 పేతురు 2:4-8, మార్కు 4:26-29, 1 తిమోతి 3:1-7



రాయి అనగానే జీవములేనిదని మనకు తోచును. కరగని హృదయమును రాతిగుండె అందుము. అయితే ప్రభువు నోటనుండి రాయి అను పేరు పొందిన పేతురే (యోహాను 1:42) విశ్వాసులను జీవముగల రాళ్లతో పోల్చెను. రాతికి జీవమెక్కడిది?

ఉప్పునీటి తొట్టెలో సముద్రపు చేపలను పెంచువారు వాడు ఒక రాతికి ‘లైవ్ రాక్’ అని పేరు, అనగా జీవపురాయి. మన యువకులలో కొందరు ఇట్టి తొట్టె పెట్టవలెనని ఆశపడుచున్నారు గనుక, ఆ పని ఎట్లు మొదలుపెట్టవలెనో, అందులో సంఘమునకు ఏ పాఠమున్నదో ఈ నెల చూతము.

1. రాతిలోని జీవము

పగడపు జీవులు కట్టిన సున్నపు గూళ్లు విరిగి, సముద్రపు అడుగున పడియుండి, నిండా రంధ్రములు గలవైన ముక్కలే ఈ రాళ్లు. ఆ రంధ్రములలో కంటికి కనబడని సూక్ష్మజీవులు, చిన్న పురుగులు, ఊదారంగు నాచు కాపురముండును. చేపల మలినమును, తినక మిగిలిన మేతయు కుళ్లి అమోనియా పుట్టును. అది చేపలకు విషము. రాతి పైభాగమున నున్న ఒక జాతి సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా మార్చును, అదియు విషమే. మరియొక జాతి దానిని అంత హానిలేని నైట్రేటుగా మార్చును. ప్రాణవాయువు తక్కువగానుండు రాతి లోతులలో ఇంకొక జాతి ఆ నైట్రేటును నత్రజని వాయువుగా చేయగా, అది గాలిలో కలిసిపోవును. జకార్తా నగరవాసి లీ చిన్ ఎంగ్ అను ఆయన జీవపురాళ్లతోను గాలిబుడగలతోను సముద్రపు చేపలను పెంచు విధానమును 1961లో వ్రాసి లోకమునకు తెలిపెను.

రాయి తనంతట తాను ఏమియు చేయదు. దానిలో నివసించు జీవమే దానిని జీవపురాయిగా చేయును. ఎండలో పడవేసినయెడల అదే రాయి వట్టి సున్నపు గడ్డ. మన సంగతియు అట్టిదే. మనలో నివసించు క్రీస్తు జీవమే మనకు ఆ పేరు తెచ్చినది. మన గట్టితనము కాదు.

2. తొట్టెను సిద్ధపరచు విధము

తొలిసారి పెట్టువారికి సుమారు 200 లీటర్ల తొట్టె మేలు. చిన్న తొట్టెలో నీటి గుణము త్వరగా చెడును. 200 లీటర్ల నీరే 200 కిలోల బరువు, రాళ్లు అదనము. గనుక బల్ల గట్టిదిగా నుండవలెను. వంట ఉప్పు పనికిరాదు. సముద్రజలములోని కాల్షియము, మెగ్నీషియము మొదలగునవి కలిసిన ఉప్పు మిశ్రమమును లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున, క్లోరిను లేని శుద్ధజలములో, వేరొక పాత్రయందు ముందురోజే కలుపుకొనవలెను. వేడి 24 మొదలు 26 డిగ్రీలుండుట మంచిది. మన వేసవిలో నీరు 30 డిగ్రీలు దాటును గనుక చల్లబరచు ఏర్పాటు అవసరము.

పాత లెక్క చొప్పున లీటరు నీటికి సుమారు 120 గ్రాముల రాయి కావలెను. రంధ్రములు ఎక్కువైన రాయి అంతకంటె తక్కువ చాలును. రాళ్లను తొట్టె అడుగుననే కదలకుండ పేర్చి, పిమ్మట ఇసుక పోయవలెను. ఇసుకమీద పేర్చినచో, చేపలు ఇసుక త్రవ్వినప్పుడు రాళ్లు కూలును. రాళ్ల మధ్య నీరు ఎల్లప్పుడు పారుచుండవలెను. నీరు ఆవిరియైనను ఉప్పు మిగులును. గనుక తగ్గినంతమట్టుకు ఉప్పునీరు కాక శుద్ధమైన మంచినీరే ప్రతిదినము పోయవలెను.

ఇక్కడ ఒక హెచ్చరిక. మన్నారు సింధుశాఖలోగాని, లక్షద్వీపములలోగాని, అండమానులలోగాని, కచ్ సింధుశాఖలోగాని పగడపు దిబ్బలనుండి రాళ్లు పెరికి తెచ్చుట నేరము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము 2001 నుండి పగడములకు మొదటి షెడ్యూలులో రక్షణ నిచ్చుచున్నది. దేవుడు సముద్రములో కట్టిన ఇంటిని కూల్చి మన ఇంటిని అలంకరించుకొనరాదు. కృత్రిమముగా చేసిన పొడి రాయిని కొని, సీసాలో అమ్ము సూక్ష్మజీవుల ద్రవమును నీటిలో పోసినచో, కొంత ఆలస్యముగానైనను ఆ రాయియు జీవపురాయి యగును. చచ్చిన రాతికి జీవము కలుగుట మనకు క్రొత్త సువార్త కాదు గదా!

3. తేటనీరు చాలదు

రాళ్లు పేర్చిన మరునాడే నీరు అద్దమువలె తేటగానుండును. అనేకులు అప్పుడే చేపలను తెచ్చి వేయుదురు; కొద్ది దినములలో అవి చచ్చును. ఏలయనగా అమోనియాకు రంగు లేదు. మొదట చిటికెడు మేత వేసి, లేక చిన్న రొయ్యముక్క వేసి, దానినుండి పుట్టు అమోనియాతో సూక్ష్మజీవులను వృద్ధిపొందనియ్యవలెను. అమోనియా పెరిగి తగ్గును. నైట్రైటు పెరిగి తగ్గును. రెండును సున్నాకు వచ్చువరకు పరీక్షించుచు, సాధారణముగా నాలుగు మొదలు ఆరు వారములు కనిపెట్టవలెను. ఈ పనికి బ్రతికియున్న చేపలను వాడువారు కలరు. నోరులేని ప్రాణికి దయచూపుట నీతిమంతుని గుణమని సామెతలు 12:10 బోధించుచుండగా, మనమట్లు చేయరాదు.

ఆ వారములలో తొట్టె చూచువారికి ఏమియు కనబడదు. రాళ్లమీద గోధుమరంగు నాచు పట్టి వికారముగానుండును. అయినను లోపల పని జరుగుచున్నది. విత్తినవాడు నిద్రపోవుచు లేచుచుండగా, తనకు తెలియని రీతిగా విత్తనము మొలకెత్తినదని ప్రభువు చెప్పిన ఉపమానము ఇట్టిదే. తరువాతనైనను ఒక్కటి రెండు చేపలనే వేసి, వారములు ఆగి, మరియొకటి వేయవలెను. సూక్ష్మజీవులు మోయగలిగినంతయే వాటిమీద మోపవలెను.

సంఘములో మనము చేయు తొందర ఎట్టిది? బాప్తిస్మము పొంది మూడు మాసములు కాని యువకుడు చక్కగా మాటలాడునని అతనికి సంఘపు పెట్టెయు, సండేస్కూలును, కూటములును అప్పగింతుము. పైకి నీరు తేటగానే యుండును. శోధన వచ్చినప్పుడు అతడు పడును. అప్పుడు అతనినే నిందింతుము. క్రొత్తగా చేరినవానిని పెద్దగా నియమింపవద్దని పౌలు తిమోతికి వ్రాసినది ఆ క్రొత్తవాని క్షేమముకొరకే. మరియొక ప్రక్క, సంవత్సరములు గడిచినను ఎవరికిని ఏ పనియు అప్పగింపని పెద్దలున్నారు. చేప లేని తొట్టెలో, మేతయు లేనిచో, సూక్ష్మజీవులును క్షీణించును. భారము లేకున్నను జీవము సన్నగిల్లును. కొంచెము కొంచెముగా, కనిపెట్టి చూచుచు అప్పగించుటయే వివేకము.

ఒక్క రాయి తొట్టె యంతటిని శుభ్రపరచలేదు. అనేక రాళ్లు, మధ్య నీరు పారు సందులతో చేర్చి పేర్చబడినప్పుడే బలహీనమైన ప్రాణులకు ఆశ్రయమగును. మన సంఘములోనికి వచ్చు బలహీనుడు అట్టి ఆశ్రయము కనుగొనునా?

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన సంఘములో క్రొత్తవారికి ఏ భారము తొందరగా మోపితిమి? ఎవరికి ఏదియు అప్పగింపక యుంటిమి?
2. మన కుటుంబములో తేటగా కనబడుచు పరీక్షింపబడనిది ఏది?
3. సముద్రములోని జీవులయెడల మన బాధ్యతనుగూర్చి కీర్తన 104:24-28 ఏమి నేర్పుచున్నది?

ప్రార్థన: ప్రభువా, రాళ్లమైన మాలో నీ జీవమును నివసింపజేయుము. కనబడని నీ పనికొరకు కనిపెట్టు ఓర్పును, నీ చేతిపనిని పాడుచేయని భయభక్తులను మాకు దయచేయుము. ఆమేన్.